బ్రేకు మీద కాలు

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉంది. ఇంట్లోవాళ్ళు తప్ప దాన్ని ఎవరూ వాడరు. బజారులో అందరికీ ఆమె బ్రేకమ్మ. ముద్దుకు పెట్టిన పేరు కాదది, ఎగతాళికి పెట్టింది. పెట్టినవాడు చాలా కాలం హాయిగా నవ్వుకున్నాడు. ఆ తర్వాత నవ్వలేదు.

అంతకుముందు ఆమె కళ్ళ డాక్టరమ్మ దగ్గర డ్రైవరు. డాక్టరమ్మకు పొద్దున పెద్దాసుపత్రి, సాయంత్రం సొంత క్లినిక్కు. మధ్య దారిలోనే డబ్బా విప్పి నాలుగు ముద్దలు తిని, తల వెనక్కి వాల్చి చిన్న కునుకు తీసేది. ఆ కునుకు చెదరకుండా బండి నడపడమే తన గొప్ప అనుకునేది డ్రైవరమ్మ. గుంత కనబడితే అంత దూరం నుంచే వేగం తగ్గించి, నిండు బిందె మోస్తున్నట్టు దాటించేది.

ఆమె మొగుడు దర్జీ. ముందు గదిలోనే మిషను. చీమ ఎదురొస్తే పక్కకు తప్పుకునే మనిషి. అత్తగారికి మాత్రం ఇద్దరికి సరిపడా నోరుంది. "మా వాడు మిషను తొక్కుతాడు, మా కోడలు కారు తొక్కుతుంది. మా ఇంట్లో కాళ్ళకే గాని చేతులకు పని లేదు" అని వచ్చినవాళ్ళందరితో చెప్పేది. అలా చెప్పడంలో గర్వం దాచుకునేది కాదు.

ఒకసారి కారు ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయి. బ్రేకు వేసినప్పుడల్లా ఇనుము మీద ఇనుము గీసిన చప్పుడు. డ్రైవరమ్మ దాన్ని, డాక్టరమ్మ ఎప్పుడూ చేయించే షెడ్డుకే తీసుకెళ్ళింది. అక్కడి మేస్త్రి పేరున్నవాడు. బోనెట్ ఎత్తకముందే రోగం చెప్తాడంటారు. ఆయన కొత్త ప్యాడ్లు వేస్తుంటే ఆమె పక్కనే నిలబడి చూసింది. ఎడమ చక్రం దగ్గర ఆయన, ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్ విప్పి, దాన్ని రబ్బరు పైపు మీదే వేలాడదీశాడు. ఆయిలు అటూ ఇటూ పోకుండా ఆ పైపును ప్లయర్‌తో గట్టిగా నొక్కిపెట్టాడు. అందులో తప్పేమిటో అప్పటికి ఆమెకు తెలియదు.

"పాలు పొంగుతాయా అమ్మాయ్, అట్లా కాపలా కాస్తున్నావు? పోయి బెంచీ మీద కూర్చో" అన్నాడు మేస్త్రి. షెడ్డులో పనివాళ్ళు నవ్వారు. ఆమె పోయి కూర్చుంది.

మర్నాటి నుంచే బండి బరువెక్కింది. వెనక నుంచి ఎవరో పట్టుకు లాగుతున్నట్టు ఉండేది. వాలులో బ్రేకు వదిలినా కదిలేది కాదు. స్టీరింగు ఎడమకు లాగేది. దిగి చూస్తే ఎడమ ముందు చక్రం దగ్గర కాలిన వాసన. చెయ్యి దగ్గర పెట్టబోతే పొయ్యి మీది పెనంలా సెగ కొట్టింది. పెట్రోలు తాగడం సంగతి సరేసరి.

మేస్త్రి దగ్గరికి తిరిగి తీసుకెళ్ళింది. ఆయన బజారు చివరిదాకా నడిపి తెచ్చి తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.

"బండి బంగారంలా ఉంది. నువ్వే బ్రేకు మీంచి కాలు తియ్యట్లేదు."

"నేను ఎప్పటినుంచో నడుపుతున్నాను మేస్త్రిగారూ. ప్యాడ్లు మార్చాకే ఇలా అయింది."

"కొత్త ప్యాడ్లు పాతవాటిలా ఉండవు. కాలు తేలిగ్గా పెట్టాలి. నీకు భయం ఎక్కువ, అందుకే కాలు అక్కడే కూర్చుంటుంది." ఆయన బెంచీ మీద ఉన్నవాళ్ళ వైపు తిరిగాడు. "ఆడవాళ్ళకు చెప్పులు విడిచినంత తేలిక కాదు, బ్రేకు విడవడం."

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చానన్నట్టు, ఆమెకు ఆ మాట కన్నా బెంచీ మీది నవ్వే ఎక్కువ తగిలింది.  పైగా తన మీద తనకే అనుమానం పట్టుకుంది. చెప్పు విప్పి ఉత్త పాదంతో నడిపి చూసింది. అవసరం లేనప్పుడు కాలు వెనక్కి మడిచి సీటు కింద పెట్టుకుంది. ఐనా చక్రం కాగుతూనే ఉంది. రెండోసారి షెడ్డుకు వెళ్ళేసరికి కొత్త ప్యాడ్లు సగానికి సగం అరిగిపోయాయి. మేస్త్రి వాటిని గుడ్డలో చుట్టి, డాక్టరమ్మకు క్లినిక్కులోనే చూపించాడు. "చూడండమ్మా, ఎలా తినేసిందో." డాక్టరమ్మ ఆమెను పిలిచి "కాస్త కాలు అదుపులో పెట్టుకో" అంది. పొగరుగా కాదు, నెమ్మదిగానే చెప్పింది. అదే ఇంకా బాధ.

ఇంకోసారి ప్యాడ్లు మారాయి. రోగం మారలేదు.

ఆ తర్వాత ఒక సాయంత్రం పెద్ద వంతెన దిగుతుండగా ఆమె బ్రేకు తొక్కింది. పెడల్ మెత్తగా, అడ్డన్నది లేకుండా నేలదాకా పోయింది. మళ్ళీ తొక్కితే మళ్ళీ అంతే. ముందు బండ్లు ఆగి ఉన్నాయి. గేర్లు తగ్గించుకుంటూ, చేతి బ్రేకు లాగుతూ, బండిని వంతెన గోడకు ఆనించి గీసుకుంటూ తీసుకుపోయి ఆపింది. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. కానీ వెనక సీట్లో కునుకులో ఉన్న డాక్టరమ్మ ముందుకు తూలి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కుడి మణికట్టు విరిగింది. ఎడమ చక్రం నుంచి పొగ లేస్తూనే ఉంది. ఆ వేడికి బ్రేకు ఆయిలు మరిగిపోయి, గొట్టాల్లో ఆవిరి నిండిపోయిందని తర్వాత తెలిసింది.

కట్టు కట్టిన చేత్తో డాక్టరమ్మ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. మేస్త్రి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నా చేతులే నా బతుకు. నిన్ను నమ్మి కళ్ళు మూసుకున్నాను" అంది డాక్టరమ్మ.

"అమ్మా, నా కాలు..."

"నేను ముందే చెప్పాను కదమ్మా" అన్నాడు మేస్త్రి, గోడ దగ్గర నుంచే.

ఉద్యోగం పోయింది. ఆ కారు మళ్ళీ ఎక్కబుద్ధి కాక డాక్టరమ్మ దాన్ని మేస్త్రికే ఇచ్చేసింది. ఆయన గీసుకుపోయిన పక్కను బాగుచేసుకుని ఇంటికి వాడుకున్నాడు. టీ కొట్టు దగ్గర నలుగురు చేరినప్పుడల్లా ఆ కథ చెప్పి, చివర్లో ఒక కాలు చాపి నేలకేసి అదిమిపెట్టి చూపించేవాడు. బ్రేకమ్మ అనే పేరు అక్కడ పుట్టింది. ఆమె డ్రైవరు పని అడగడానికి ఏ గుమ్మం ఎక్కినా ఆ పేరు ఆమెకన్నా ముందే వెళ్ళి కూర్చునేది. "ఓ, బ్రేకమ్మంటే నువ్వేనా" అని నవ్వి, కూర్చోమనకుండానే పంపేవాళ్ళు.

"మర్చిపో. నలుగురి నోళ్ళు మనం కుట్టలేం" అన్నాడు దర్జీ, మిషను మీద వంగి.

"ఎందుకు మర్చిపోవాలిరా? దెబ్బ దానిది, మందు నువ్వు చెప్తావా?" అంది తల్లి.

 బ్రేకమ్మ మర్చిపోలేదు. మేస్త్రి గోడకు ఆనుకున్న తీరు, ఆ గొంతు, ఆ చాపిన కాలు ఆమె లోపల నివురుగప్పిన నిప్పులా ఉండిపోయాయి.

చివరికి ఒక స్పేర్ పార్టుల షాపులో పని దొరికింది. యజమాని పేర్లు పట్టించుకునే రకం కాదు. "బ్రేకమ్మవైతే ఇంకేం, బ్రేకుల అరలు నువ్వే చూసుకో" అన్నాడు. కౌంటరుకు ఇటువైపు నిలబడితే అన్ని షెడ్ల రోగాలూ వినబడతాయి. మెకానిక్కులు మోచేతులు ఆనించి, కావలసిన సామానుతో పాటు దాని కథంతా చెప్తారు. ఆమె అడిగేది, విని ఊరుకునేది కాదు. ప్యాడ్లు మార్చాక చక్రం వదలకపోతే ఎక్కడ వెతకాలో అలా ఒక్కొక్కటీ తెలుసుకుంది. కాలిపర్ జారే పిన్నులు ఎండిపోయాయేమో చూడాలి. ప్యాడ్ రెండు కొసల్లో ఉండే చెవులు తుప్పులో ఇరుక్కున్నాయేమో చూడాలి. ప్యాడ్లను నొక్కే పిస్టన్ వెనక్కి పోతోందో లేదో చూడాలి. అవన్నీ బాగున్నా చక్రం పట్టేస్తుంటే ఆయిలు పైపులో ఎక్కడో చిక్కుకుపోయినట్టు. ఆ మాట విన్న రోజు ఆమె ఇంటికి వెళ్ళి సరిగ్గా అన్నం తినలేదు. పైపును నొక్కిన ఆ ప్లయర్ కళ్ళ ముందు ఆడుతూనే ఉంది. కానీ కళ్ళ ముందు ఆడేదాన్ని ఎవరికి చూపించగలదు?

ఆ రోజు మధ్యాహ్నం షాపు ఫోను మోగింది. గొంతు వినగానే గుర్తుపట్టింది. అవతలివాడు గుర్తుపట్టలేదు.

"ఎడమ ముందు చక్రం బ్రేకు పైపు కావాలి. రబ్బరుది" అన్నాడు మేస్త్రి.

"ఏ బండికండీ?"

"మా ఇంటి బండికే. కళ్ళ డాక్టరమ్మ దగ్గర తీసుకున్నదిలే. మీ ఓనరుకు తెలుసు."

ఆమె కౌంటరు అంచు పట్టుకుంది. "రోగమేమిటండీ? సరైనది చూసి పంపుతాను."

తెలిసిన పని గురించి అడిగితే ఏ మేస్త్రి అయినా ఆగడు. "తొక్కితే పడుతుంది, వదిలితే వదలదు. పిన్నులు శుభ్రం చేశాను, కాలిపర్ కూడా మార్చాను, లాభం లేదు. పైపుకు పైన జాయింటు విప్పాను, చక్రం కదల్లేదు. కింద గాలి తీసే నిపిల్ వదులు చేయగానే ఆయిలు చుయ్యిమని చిమ్మి చక్రం గిర్రున తిరిగింది. ఇక ఆ రెంటి మధ్యా ఉన్నది పైపేగా. లోపల దెబ్బతింది."

"ఎప్పటినుంచి అలా ఉంది?"

"నా చేతికి వచ్చినప్పటినుంచీ ఉంది" అన్నాడు మేస్త్రి.

"పాతది పంపండి. చూసి అలాంటిదే ఇస్తాం." పాత సామాను చూపించందే కొత్తది ఇవ్వకూడదన్నది ఆ షాపు నియమం. షెడ్డు పనివాడొకడు పాత పైపు తెచ్చి, కొత్తది పట్టుకుపోయాడు. పాతది ఆమె సంచిలోకి వెళ్ళింది.

ఇంట్లో ఆమె దర్జీ కత్తెర అందుకుంది.

"గుడ్డల కత్తెర అది. రబ్బరు కోస్తే మొద్దుబారుతుంది" అన్నాడు మొగుడు. కారణం విన్నాక మాత్రం కత్తెర లాక్కుని పక్కన పెట్టి, బ్లేడు తీసి, కుట్టు విప్పినంత ఒడుపుగా పైపును నిలువునా చీల్చాడు. లోపల రబ్బరు పొర ఒకటి ఊడి నాలుకలా వేలాడుతోంది. కాలి బలానికి ఆయిలు దాన్ని తోసుకుని చక్రం వైపు పోతుంది. కాలు తీశాక వెనక్కి రావాలంటే అంత బలం ఉండదు, పొర తలుపులా మూసుకుంటుంది. పైన, సరిగ్గా ఆ పొర ఊడిన చోటే, ప్లయర్ పళ్ళ గుర్తులు.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "ఆడలేక మద్దెల ఓడన్నాడన్నమాట. పొద్దున్నే పోయి దీన్ని వాడి మొహాన కొట్టు."

"కొడితే మంట ఒక్క పూటే ఉంటుంది అత్తయ్యా" అంది బ్రేకమ్మ. "నాకు ఎక్కువ కావాలి."

వెంటనే వెళ్ళలేదు. నిజం తెలిసిన మనిషి నోరు విప్పుతాడేమో చూద్దామని ఆగింది. అది మంచితనం అనుకుంటే పొరపాటు. తన ఉరి తానే బిగించుకునేవాడికి తాడు ఎంత పొడుగిస్తే అంత మంచిదని ఆమె లెక్క. వారాలు గడిచాయి. మేస్త్రి డాక్టరమ్మకు ఒక్క మాట చెప్పలేదు. పైగా టీ కొట్టు దగ్గర కాలు చాపడం మానలేదని యజమాని ద్వారా విన్నది. అప్పుడు సంచి భుజాన వేసుకుని క్లినిక్కుకు వెళ్ళి, రోగులతో పాటు వరసలో కూర్చుంది.

"నా దగ్గర ఇప్పుడు వేరే డ్రైవరు ఉన్నాడు" అంది డాక్టరమ్మ, చూడగానే.

"ఉద్యోగానికి రాలేదమ్మా." చీల్చిన పైపును బల్ల మీది దీపం కింద పెట్టింది. మేస్త్రి ఫోనులో అన్న మాటలు అన్నట్టే చెప్పింది. డాక్టరమ్మ ఆ పొరను వేలి కొసతో ఎత్తి, వదిలి, మళ్ళీ ఎత్తింది. మణికట్టు ఇంకా పూర్తిగా వంగడం లేదు.

"ఆయనకు తెలిసి కూడా నాకు చెప్పలేదా?"

"చెప్తాడేమోనని ఇన్నాళ్ళూ చూశానమ్మా."

డాక్టరమ్మ బల్ల మీది దీపం ఆర్పింది. "తప్పు నాదీ ఉంది. మళ్ళీ పనిలోకి రా" అంది.

"వద్దమ్మా. మీరు నాతో ఒకసారి షెడ్డుకు రండి."

"నాకు పేషెంట్లున్నారు. ఇక్కడికే పిలిపిస్తాను."

"ఇక్కడైతే గోడలే వింటాయి. నా మీద నవ్వినవాళ్ళు అక్కడున్నారు."

డాక్టరమ్మ వచ్చింది. సెలవు రోజు పొద్దున, షెడ్డు నిండా బండ్లు, బెంచీ నిండా మనుషులు. మేస్త్రి పరుగెత్తుకొచ్చి కుర్చీ తుడిచాడు, టీ తెమ్మని పురమాయించాడు. డాక్టరమ్మ వెనక ఎవరున్నారో చూశాక ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"మీ ఇంటి బండికి బ్రేకు ఇప్పుడు వదులుతోందా మేస్త్రీ?" అడిగింది బ్రేకమ్మ. వెనక 'గారు' లేకపోవడం బెంచీ మీది వాళ్ళందరికీ వినబడింది.

"ఏ బండి? దానికేమైంది? దానికేం కాలేదే." గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన అడగనివాటికి కూడా జవాబులు చెప్పాడు.

ఆమె పైపు తీసి బెంచీ మీద పెట్టింది. "ఇది మీరు షాపుకు పంపిందే. మీతో ఫోనులో మాట్లాడింది నేనే. నా చేతికి వచ్చినప్పటినుంచీ ఉంది అన్నారు."

"రబ్బరన్నాక పాతబడుతుంది. నన్నేం చెయ్యమంటావు?"

"పాతబడితే పళ్ళు మొలవవు. దీని మీద పళ్ళ గుర్తులున్నాయి."

బెంచీ మీద కూర్చున్న టాక్సీ డ్రైవరొకడు, అడగకుండానే లేచి, పనిబల్ల మీది ప్లయర్ తీసి ఆ గుర్తుల మీద ఆనించాడు. "అచ్చు గుద్దినట్టు కూర్చుంది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"మనిషన్నాక పొరపాటు జరగదా?" అన్నాడు మేస్త్రి, డాక్టరమ్మ వైపు చూస్తూ.

"జరుగుతుంది. దానికి నేను రాలేదు" అంది బ్రేకమ్మ. "పైపు మార్చిన రోజు మీకు నిజం తెలిసింది. ఆ తర్వాత కూడా టీ కొట్టు దగ్గర కాలు చాపారు. అందుకొచ్చాను. ఇప్పుడు చెప్పండి, ఆ బండిలో ఎవరి కాలిది తప్పు?"

మేస్త్రి గొంతు తగ్గించి డాక్టరమ్మతో ఏదో అనబోయాడు.

"ఆవిడకు కాదు, వీళ్ళకు. టీ కొట్టు దగ్గర ఎంత గట్టిగా చెప్పారో అంత గట్టిగా."

"ఆమె కాలు కాదు" అన్నాడు మేస్త్రి. "నా చెయ్యి." ఆ తర్వాత తల ఎత్తలేదు. డాక్టరమ్మ లేచి, అందరి ముందే, తాను తొందరపడ్డానని, నమ్మాల్సిన మనిషిని నమ్మలేదని చెప్పి వెళ్ళిపోయింది.

"అయిపోయింది కదా, ఇక హాయిగా ఉండు" అన్నాడు దర్జీ ఆ సాయంత్రం. ఆమె కూడా అలాగే అనుకోవాలని చూసింది. దాహానికి చన్నీళ్ళు తాగినట్టే ఉంది. కానీ దాహం పూర్తిగా పోలేదు. ఒక్క పూట తల వంచుకుంటే చాలా? తను ఎన్ని గుమ్మాల ముందు వంచుకుంది?

మేస్త్రి షెడ్డుకు ఎదురుగా, రోడ్డుకు అవతల, మూతపడ్డ గోదాము ఒకటుంది. ఆమె దాన్ని అద్దెకు తీసుకుంది. స్పేర్ పార్టుల యజమాని జాకీ ఒకటి ఇచ్చి దీవించాడు. బోర్డు రాసేవాడు పేరేమిటని అడిగితే "బ్రేకమ్మ. కింద, బ్రేకులు మాత్రమే అని రాయి. అక్షరాలు ఎదురు షెడ్డులోకి కనబడాలి" అంది.

మొదటి బండి ఆ టాక్సీ డ్రైవరుదే. ప్యాడ్లు మార్చినప్పటినుంచీ ముందు చక్రం గీసుకుంటోందన్నాడు. ప్యాడ్ చెవులు కూర్చునే గాడులు తుప్పుతో పూడుకుపోయాయి. కొత్త ప్యాడ్లను సుత్తితో కొట్టి దిగేసినట్టున్నారు. ఆమె ఆకురాయితో ఆ తుప్పంతా గీకి, ప్యాడ్ వేలితో తోస్తే జారేదాకా శుభ్రం చేసి, చక్రాన్ని అతని చేతే తిప్పించింది. తర్వాత అతనితో ఒక చుట్టు తిరిగొచ్చి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడమంది. నాలుగూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి.

"ఇది డ్రైవరు తప్పు కాదండీ" అంది, రోడ్డు అవతలికి వినబడేంత గట్టిగా.

ఆ మాట ఆమె ప్రతి బండికీ అనేది. బండిని లోపల పెట్టేటప్పుడు కూడా విప్పే చక్రం రోడ్డు వైపు ఉండేలా తిప్పి పెట్టేది. అవతల మేస్త్రి తల ఎత్తితే ఆమె చేతులు కనబడాలి, తల దించితే ఆమె గొంతు వినబడాలి. బ్రేకు మీద కాలు పెట్టుకుని నడిపేవాళ్ళు నిజంగానే కొందరు వచ్చేవాళ్ళు. వాళ్ళకు మాత్రం లోపలికి పిలిచి, చెవిలో చెప్పినట్టు చెప్పి పంపేది.

టాక్సీలన్నీ ఇటు తిరిగాయి. తర్వాత స్కూలు వ్యాన్లు, ఆ తర్వాత డ్రైవర్లను పెట్టుకున్న ఇళ్ళవాళ్ళు. బ్రేకులకు వచ్చినవాళ్ళు ఇంకెక్కడ బాగుచేయించాలని అడిగితే ఊళ్ళో ఉన్న షెడ్లన్నీ చెప్పేది, ఒక్కటి తప్ప. మేస్త్రి పనివాళ్ళలో మంచివాడు ఒకడు మానేశాడు. బెంచీ ఖాళీ అయింది. టీ కొట్టు దగ్గర ఆయన ఇప్పుడు ఒక్కడే నిలబడి తాగుతున్నాడని అత్తగారే వార్త తెచ్చింది, పండుగ వంట వాసన తెచ్చినంత సంబరంగా.

"పాపం, వయసు మీద పడుతోంది ఆయనకు. ఇక వదిలెయ్" అన్నాడు దర్జీ.

ఆమె నిజాయితీగా జాలిపడదామనే చూసింది. ఎదురుగా ఆయన ఒంటరిగా పానా తుడుచుకుంటుంటే చాలాసేపు చూసింది. జాలి రాలేదు. లోపల చల్లగా, బాగా నిద్రపోయి లేచినట్టు అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు కూడా పడలేదు.

వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం మేస్త్రి రోడ్డు దాటి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆమె ఒక కాలిపర్‌ను తీగతో కట్టి, పైపు మీద బరువు పడకుండా పైకి వేలాడదీస్తోంది. ఆయన అది చూసి చూపు తిప్పుకున్నాడు.

"అమ్మా, ఒక మాట" అన్నాడు. 'అమ్మాయ్' ఎప్పుడో 'అమ్మా' అయింది.

"చెప్పండి."

"బ్రేకుల పని నేను పూర్తిగా మానేస్తాను. నా దగ్గరికి వచ్చినవి కూడా నీకే పంపుతాను. ఇంజను పని అడిగినవాళ్ళను మాత్రం నా వైపు చూపించు. ఇద్దరం బతుకుతాం."

ఆమె తీగ ముడి బిగించి, చేతులు తుడుచుకుంది. ఆయన జుట్టు తడిసి నుదుటికి అంటుకుని ఉంది. కూర్చోమనలేదు.

"ఇంజను పని కూడా నేర్చుకుంటున్నాను మేస్త్రీ" అంది.

ఆయన కాసేపు వానను చూసి, తల ఊపి, వచ్చిన దారినే రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

కుట్టిన సీటు కవర్లు ఇవ్వడానికి వచ్చి లోపల కూర్చున్న దర్జీ అంతా విన్నాడు. "నిజంగా నేర్చుకుంటున్నావా? నాకు చెప్పనేలేదే."

"ఇంకా లేదు" అంది ఆమె, చక్రం ముందు మళ్ళీ కూర్చుంటూ. "రేపటినుంచి మొదలుపెట్టాలి."